దారిబత్తెం

కత్తి కింద చేపపిల్ల తోక ఉన్నప్పుడు చేపలాయన ఊపిరి బిగబట్టడు. బిగబట్టినవాడి చెయ్యి వదిలేటప్పుడు వణుకుతుంది. మెల్లిగా పీల్చి, మెల్లిగా వదులుతూ, ఆ వదలడం సగంలో ఉండగా కోస్తాడు. పిల్ల పొడుగు బియ్యపుగింజలో సగం ఉంటుంది. దాని తోక కొస నలుసంత. ఆ నలుసు ఒక ప్లేటులోని గుంటలోకి, పిల్ల రెండో ప్లేటులో అదే నంబరు గుంటలోకి పోవాలి. ప్లేటుకు ఎనిమిది వరసలు, వరసకు పన్నెండు గుంటలు. తోకను పరీక్షకు పంపితే ఆ పిల్లలో జన్యువు బాగుందో చెడిందో తెలుస్తుంది. పిల్లను రంగులో నానబెట్టి మైక్రోస్కోపు కింద పెడితే దాని తలలో ఏముందో తెలుస్తుంది. ఒక్క గుంట జారిందంటే దీని తోక దానికి, దాని తల దీనికి.

పదకొండేళ్లుగా ఆ పని అతనిదే. చదువుకున్నవాళ్లు చాలామంది ప్రయత్నించి, కత్తి కింద పెట్టేసి లేచిపోయారు.

సోమవారం పొద్దున అతను నేలమాళిగలో చేపల గదిలో తొట్ల అడుగున పేరుకున్న మడ్డిని సన్నగొట్టంతో లాగుతున్నాడు. ఆఫీసు గుమాస్తా గుమ్మం దగ్గరే ఆగాడు. లోపలికి రావాలంటే గుమ్మంలో ఉన్న మందునీళ్ల పళ్లెంలో చెప్పులతో అడుగు పెట్టి రావాలి. గుమాస్తాకు అది ఇష్టం ఉండదు.

"పెద్దసారు పిలుస్తున్నారు. చేతులు కడుక్కుని రమ్మన్నారు."

"ఎప్పుడూ నీళ్లలో ఉండే చేతులే ఇవి," అన్నాడు చేపలాయన. అయినా కడుక్కున్నాడు.

పెద్దసారు గదిలో చుక్కలమ్మాయి కూడా ఉంది. ఆమె అక్కడ డాక్టరేటుకు చదువుతోంది. పొద్దస్తమానం మైక్రోస్కోపులో చుక్కలు లెక్కపెడుతుంది కాబట్టి ఆ పేరు పెట్టింది చేపలాయనే. ఆమె నవ్వి ఒప్పుకుంది. ఆవేళ ఆమె కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. బయట గోడ తప్ప ఏమీ లేదు.

పెద్దసారు ఒక కాగితం బల్లమీద ఇటు తిప్పి జరిపాడు. అందులో మూడే వాక్యాలు. పోయిన మంగళవారం ప్లేటులో పిల్లలను పెట్టేటప్పుడు వరస మారింది. అది నా అజాగ్రత్త వల్ల జరిగింది. ఇకమీదట జరగకుండా చూసుకుంటాను. కింద సంతకానికి గీత.

చేపలాయన చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"చదవడం వచ్చుగా?" అన్నాడు పెద్దసారు.

"వచ్చు సార్. అందుకే ఆగాను."

"చుక్కలు ఉండకూడని పిల్లల్లో చుక్కలున్నాయి. జన్యువు చెడ్డవాటిలో. అంటే తోకలూ తలలూ తారుమారయ్యాయి. ఇంకో కారణం లేదు."

"ఎన్నో గుంట దగ్గర మారింది సార్?"

"ఏంటి?"

"వరస మారిందన్నారు కదా. ఎన్నో గుంట దగ్గర అని."

"అది నువ్వు చెప్పాలి." పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు. మా పేపరు వచ్చేవారం పోవాలి. ఈ కాగితం ఉంటే ఆ ప్లేటు పక్కన పెట్టేస్తాం. శుక్రవారానికి సంతకం పెట్టి ఇవ్వు. నెలాఖరుకు నీ కాంట్రాక్టు పొడిగింపు నా బల్లమీదికే వస్తుంది. సంతకం పెడితే ఇది చిన్న పొరపాటు. పెట్టకపోతే పెద్దది."

కోపం వస్తే చేపలాయన చేతులు నెమ్మదిస్తాయి. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఒక్కో మడతనూ గోటితో నొక్కాడు. జేబులో పెట్టుకున్నాడు. చుక్కలమ్మాయి అప్పటికీ గోడనే చూస్తోంది.

ఆవేళ తొట్లు తోముతుంటే ఒక మూత విరిగింది. అతని చేతిలో మూత విరగడం అదే మొదటిసారి.

*

అతని భార్య ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చేతులకు బ్లీచింగు వాసన, అతని చేతులకు చేపల వాసన. ఇద్దరూ ఒకే సబ్బు వాడతారు. ఏ వాసనా పోదు.

ఆమె కాగితాన్ని దీపం దగ్గర పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది.

"అజాగ్రత్త అంట. ఈ మాట నిన్ననడానికి నాకొక్కదానికే హక్కుంది. సారుకెవరిచ్చారు?"

అతను చేతులు మళ్లీ సబ్బుతో కడుక్కున్నాడు.

"ఏం చెప్పొచ్చావు మరి? చేపలతో ఉండీ ఉండీ నోరు తెరవడం, మూయడం తప్ప ఇంకేం రాదు నీకు."

"ఎన్నో గుంట అని అడిగాను."

"అడిగితే?"

"నన్నే చెప్పమన్నాడు."

ఆమె కాగితం మడతల్లోనే మళ్లీ మడిచింది. "నిజం చెప్పు. జారావా?"

"జారలేదు."

"జారలేదని నీకెట్లా తెలుసు? ఎనభై తొంభై పిల్లలు. ఒక్కటి అటూ ఇటూ అయినా నీకు తెలుస్తుందా?"

"బాట వదిలాను."

ఆమె తల ఎత్తింది. ఆ మాట ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేదు. పొలంలో ఇద్దరూ వంగి నాట్లు వేసినవాళ్లే. ఇన్ని సాళ్లకు ఒక బాట వదలడం ఆమెకూ తెలుసు. బాట ఉంటే మడిలో ఎక్కడున్నదీ తెలుస్తుంది. సాలు వంకర పోతే బాట దగ్గర దొరికిపోతుంది.

"వదిలిన మనిషివి ఇంట్లో కూర్చుని గోడకు చెప్తే ఏం లాభం? ఆ బాటలో పట్టుకుపో వాళ్లని," అంది ఆమె. "ముందు తిను. కోపం కడుపు నింపదు."

అతను తినలేదు. పళ్లెం ముందు చాలాసేపు కూర్చుని, నీళ్లు తాగి లేచాడు.

*

మంగళవారం అందరికంటే ముందు వచ్చాడు. చుక్కలమ్మాయి తన బల్ల దగ్గర తల వాల్చి ఉంది. అతన్ని చూసి లేచింది.

"బాబాయ్, నామీద కోపం పెట్టుకోకండి. సంతకం పెట్టేయండి. మీకేం కాకుండా నేను చూస్తాను. ఆ ఒక్క ప్లేటు పక్కన పెడితే అందరికీ మంచిది."

"అందరిలో నేనున్నానా అమ్మా?"

అతను ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"తోకల పరీక్ష కాగితం తియ్యి. అట్లాగే నీ ఫోటోల లిస్టు."

ఆమె రెండూ తీసింది. అతను గోరుతో మొదటి వరస మొదటి గుంట చూపించాడు. పరీక్ష కాగితంలో అక్కడ ఏమీ రాలేదు. రెండో వరసలో రెండో గుంట, ఏమీ లేదు. మూడులో మూడు. అలా ఎనిమిదో వరస ఎనిమిదో గుంట దాకా, మెట్లు దిగినట్టు.

"పరీక్ష ఫెయిలైందనుకున్నాను," అందామె. "ప్రతి ప్లేటులోనూ ఎనిమిది ఫెయిలవుతాయి."

"ఫెయిలు కాదు. వాటిలో తోక వెయ్యను. రెండు ప్లేట్లలోనూ వరసకొకటి ఖాళీ వదుల్తాను. ఇప్పుడు పిల్లలది చూడు. వరస జారి ఉంటే ఆ గుంటల్లో పిల్లలుండాలి."

ఆమె లిస్టు చూసింది. ఒకటిలో ఒకటి ఖాళీ. రెండులో రెండు ఖాళీ. ఎనిమిది దాకా వేలు పెట్టి చూసింది. అన్ని ఖాళీలూ కలిశాయి.

ఆమె ముఖం తేటపడుతుందనుకున్నాడు చేపలాయన. పాలిపోయింది.

"అయితే అది నిజమన్నమాట," అంది మెల్లిగా. "మీరు మార్చలేదు. చుక్కలు నిజంగానే ఉన్నాయి. అప్పుడు మా పేపరే తప్పు బాబాయ్. మూడేళ్ల పని."

అతనికి అప్పుడు అర్థమైంది. వరస మారలేదని వీళ్లు తెలుసుకోలేక కాదు. మారితేనే వీళ్లకు బాగుంటుంది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఏంటా చుక్కలు? నాకు చూపించు. నా పేరుమీద రాసినవాటిని ఒకసారి నేనూ చూస్తాను."

ఆమె మైక్రోస్కోపు ముందు స్టూలు లాగింది. నల్లటి చీకట్లో రెండు లావుపాటి ఆకుపచ్చ గీతలు. వాటిని ఆనుకుని సన్నగీతలు. ఆనుకున్నచోట ఎర్రచుక్కలు, పలచగా, అయినా ఉన్నాయి.

"ఇవి న్యూరాన్లు. ఈ కణమూ ఆ కణమూ ఆనుకున్నచోట సన్నని సొరంగాలుంటాయి. కరెంటు ఇందులోంచి అందులోకి నేరుగా పోతుంది. మధ్యలో వేరే రసాయనంతో పనుండదు. అందుకే చేప అంత గబుక్కున తప్పుకుంటుంది."

"మూతమీద చెంచాతో తడితే తిరుగుతాయే, అదా?"

"అదే. ఆ సొరంగాలు కట్టేది ప్రోటీన్లు. అవి అక్కడ తయారవవు. కణం నడుమ తయారవుతాయి. వాటిని చిన్నచిన్న సంచుల్లో కట్టి, పట్టాలమీద లాక్కుని కొసదాకా తీసుకెళ్లాలి. ఏ సరుకు ఏ కొసకు పోవాలో చూసి ఎక్కించేవాడు ఒకడున్నాడని మేమంటున్నాం. వాడూ ఒక ప్రోటీనే. ఆ జన్యువే ఈ పిల్లల్లో చెడింది."

"అంటే సరుకుంది. బండుంది. ఎక్కించేవాడు లేడు."

"అవును. సరుకు నడుమనే పడి ఉండాలి. కొసకు చేరకూడదు. మొదటి రెండు ప్లేట్లలో చేరలేదు. దీన్లో చేరింది."

చేపలాయన కళ్లు తీయకుండా చూశాడు. చుక్కలు చిన్నవి. బాగున్న పిల్లల చుక్కల్లా నిండుగా లేవు. ఎవరో కొంత మోసి, ఆపేసినట్టున్నాయి.

"వాడు పుట్టినప్పట్నుంచీ లేడా?"

"లేడు. పుట్టుకతోనే జన్యువు చెడింది."

"పుట్టకముందు?"

"ముందంటే?"

"గుడ్డు ఎవరిదమ్మా? తల్లిది. తల్లికి రెంటిలో ఒకటి బాగుంది, ఒకటి చెడింది. తొట్టి కార్డుమీద రాసింది నేనే. ఐదురోజులదాకా ఈ పిల్లలకు నేను మేత వెయ్యను. ఎందుకు? పొట్టకింద పచ్చసొన ఉంటుంది. తల్లి దారిబత్తెం కట్టి పంపుతుంది. కట్టేది మేతొక్కటేనా? ఆ మూటలో కాస్త ఎక్కించేవాణ్ని కూడా కట్టిందేమో. బత్తెం ఉన్నన్నాళ్లు వాడు పనిచేస్తాడు. అయిపోయాక లేడు."

ఆమె కుర్చీలో కూర్చుంది.

"మొదటి రెండు ప్లేట్లూ ఎన్నో రోజున కోశాం?" అన్నాడతను.

"ఐదో రోజున."

"ఇదీ?"

ఆ డిష్ మూతమీద రోజూ గంటా రాసింది కూడా అతనే. అయినా ఆమె నోటినుంచే రావాలని ఆగాడు.

"మూడో రోజున. పేపరు టైము దగ్గరపడిందని సారు తొందరపెట్టారు. కణాలు తయారై ఉంటాయి కదా, చాల్లే అనుకున్నాం."

"అనుకున్నారు," అన్నాడు చేపలాయన. ఆ ఒక్క మాటా అని కిందికి దిగాడు. కాసేపటికి చిన్న డిష్‌తో పైకొచ్చాడు. అదే తల్లి పోయిన గురువారం పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు. ఆవేళకు ఐదోరోజు.

"పెద్దసారుకు చెప్పాలా?" అందామె.

"చెప్పుకో. చెప్పకపో. నాకు కత్తివ్వు."

మధ్యాహ్నందాకా కోశాడు. కోపం ఉన్నా చెయ్యి వణకలేదు. ఎనిమిది గుంటలు ఖాళీ వదిలాడు.

*

పిల్లలు రంగుమందులో చల్లగదిలో రెండు రాత్రులైనా నానాలి. బుధవారం, గురువారం చేపలాయన రోజూ చేసే పనే చేశాడు. గరాటు సీసాల్లో పొదిగిన ఉప్పునీటి రొయ్యపిల్లలను వడగట్టి మేత వేశాడు. వడపోత గుడ్డలు మార్చాడు. విరిగిన మూత స్థానంలో కొత్తది బిగించాడు. జేబులో కాగితం మడతల దగ్గర చిరుగు పట్టింది.

గురువారం పెద్దసారు నేలమాళిగకు దిగివచ్చాడు. మందునీళ్ల పళ్లెం దాటి అడుగు వేశాడు, పళ్లెంలో వెయ్యలేదు. బూట్ల దుమ్ము తడినేలమీద పడింది. చేపలాయన ఆ అడుగులనే చూశాడు.

"కాగితం ఏమైంది?"

"శుక్రవారం అన్నారు సార్."

పెద్దసారు ఒక తొట్టి అద్దంమీద వేలితో కొట్టాడు. చేపలన్నీ ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. "ఇంకో సంగతి. ప్లేటుకు ఎనిమిది గుంటలు ఖాళీగా వదిలేస్తున్నావట. ఎవరినడిగి? ఒక్కో గుంటలోకీ పోసే మందు ఎంత విలువైందో తెలుసా? ఇకనుంచి అన్నీ నింపు."

"అది వరస తెలియడానికి సార్."

"తెలిసింది కదా ఎంత బాగా తెలిసిందో." పెద్దసారు నవ్వాడు. వెళ్లేటప్పుడూ పళ్లెం దాటుకునే వెళ్లాడు.

చేపలాయన గుడ్డ తెచ్చి ఆ అడుగులను ఒక్కొక్కటే తుడిచాడు. నాలుగు వెళ్లేవి, నాలుగు వచ్చేవి. తుడుస్తున్నంతసేపూ పళ్లు కొరుకుతున్నట్టు దవడ నొప్పి పుట్టేదాకా తెలియలేదు.

*

శుక్రవారం పొద్దున చుక్కలమ్మాయి మెట్లమీదినుంచే పిలిచింది. అతను పైకి వెళ్లేసరికి మైక్రోస్కోపు ముందునుంచి లేచి స్టూలు చూపించింది. నల్లటి చీకటి. రెండు లావు గీతలు. ఆనుకున్నచోట ఏమీ లేదు.

"ఇరవైరెండు పిల్లలు బాబాయ్, జన్యువు చెడ్డవి. ఒక్కదానిలోనూ చుక్కలేదు. బత్తెం అయిపోయింది."

ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "మంచిది," అని దిగిపోయాడు.

మధ్యాహ్నం మీటింగు గది పక్కగా నీళ్ల బకెట్లు మోసుకెళ్తుంటే పెద్దసారు గొంతు వినబడింది. తలుపు వారగా ఉంది. ఈ మూడోరోజు ఫలితం చూడగానే నాకు అనుమానం వచ్చింది, అంటున్నాడాయన. తల్లినుంచి వచ్చిన నిల్వ అయి ఉండాలి, వెంటనే ఐదోరోజుతో పోల్చి చూడమన్నాను, దీనితో మన వాదన ఇంకా బలపడింది. దానికి మెటర్నల్ అని మొదలయ్యే ఏదో పెద్ద పేరు కూడా చెప్పాడు. చేపలాయన దారిబత్తేనికి కోటూ బూటూ తొడిగారు.

వారగా ఉన్న తలుపులోంచి చుక్కలమ్మాయి కనబడింది. పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. తల ఎత్తలేదు.

అతను బకెట్లు దించలేదు. నీళ్లు తొణకలేదు. కిందికి వెళ్లి దించాడు.

సాయంత్రం పెద్దసారు వరండాలో ఎదురై భుజం తట్టాడు. "ఆ కాగితం చించెయ్. అవసరం లేదు. అంతా మంచికే జరిగింది."

చేపలాయన గుమాస్తా దగ్గరికి పోయి ప్రయోగాల రిజిస్టరు చూపించమన్నాడు. గుమాస్తా నసిగాడు.

"మీరు వరస మార్చారటగా, అందులో ఉంది. సారు సోమవారమే రాయించారు."

"చూపించు."

మూడో ప్లేటు ఎదురుగా రాసి ఉంది: సిబ్బంది పొరపాటు వల్ల రద్దు. సిబ్బంది అన్న చోట అతని ఉద్యోగి నంబరు. సంతకం అడగకముందే రాసేశారు.

"ఇది కొట్టెయ్యలేదే?"

"కొట్టెయ్యమని ఎవరూ చెప్పలేదండీ. ఎవరు చూస్తారు దాన్ని?"

"నెలాఖరుకు చూస్తారు," అన్నాడు చేపలాయన.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు. భార్య అనుమానంగా చూసింది. తిన్నాక ఒక తెల్లకాగితం అడిగాడు. ఊళ్లో బడిలో నేర్పిన గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతల్లేకుండా రాశాడు. ఆమె భుజం మీదినుంచి చదివింది.

"మూడే వాక్యాలా?"

"వాళ్లూ మూడే రాశారు."

*

శనివారం ఆఖరి ప్లేటు. అది సోమవారానికి లేకపోతే పేపరు పోదు. పెద్దసారే దగ్గరుండి చూడ్డానికి వచ్చాడు. చుక్కలమ్మాయి రెండు ప్లేట్లూ, కత్తీ, మత్తుమందూ సర్దిపెట్టింది. డిష్‌లో ఐదోరోజు పిల్లలు చురుగ్గా తిరుగుతున్నాయి.

చేపలాయన స్టూలుమీద కూర్చున్నాడు. జేబులోంచి తెల్లకాగితం తీసి, ప్లేటు పక్కన పరిచి, అంచులు సరిచేశాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏంటిది?" అన్నాడు పెద్దసారు.

"సంతకానికి సార్."

పెద్దసారు వంగి చదివాడు. మూడో ప్లేటులో వరస మారలేదు. పిల్లలను ఐదో రోజుకు బదులు మూడో రోజున తీయడం వల్ల ఆ ఫలితం వచ్చింది. రిజిస్టరులో రాసినది తప్పు. కింద గీత.

"ఇప్పుడా? బ్లాక్‌మెయిలా ఇది?"

"కాదు సార్. సంతకం. మీరు నన్నడిగిందే."

"ఆ పిల్లలు—"

"వాటికింకా మత్తు వెయ్యలేదు. ఈదుకుంటున్నాయి. వాటికేం తొందర లేదు."

పెద్దసారు చుక్కలమ్మాయివైపు తిరిగాడు. "నువ్వు కొయ్యగలవా?"

ఆమె కత్తివైపు చూసింది. తర్వాత పెన్ను తీసి, వంగి, గీతకు కాస్త కిందగా తన సంతకం పెట్టింది. పక్కనే చిన్నగా రాసింది: మూడో రోజున తీసింది నేను.

"తియ్యమన్నది మీరు సార్," అంది.

పెద్దసారు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మెత్తబడిన గొంతుతో అన్నాడు. "సరే. ఇందులో ఎవరి పొరపాటూ లేదు అని ఒక ముక్క రాసి రిజిస్టరులో పెట్టిస్తాను. అందరికీ మర్యాదగా ఉంటుంది."

"ఎవరిదో నేనడగలేదు సార్. నాది కాదని రాయండి."

అతని గొంతు పెరగలేదు. అయిదురోజుల కోపం మొత్తం ఆ మాటలో ఉంది. పెద్దసారు అతని ముఖంలోకి చూశాడు. పదకొండేళ్లలో బహుశా మొదటిసారి. తర్వాత చేతులు చూశాడు. అవి ఒళ్లో కదలకుండా ఉన్నాయి. ఆ చేతులకు బదులుగా పెట్టగలవి ఆ భవనంలో ఇంకెక్కడా లేవు.

గీతమీద సంతకం పెట్టాడు. కాగితం చిరిగేంత గట్టిగా.

"తేదీ సార్."

తేదీ కూడా వేశాడు.

చేపలాయన సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని చుక్కలమ్మాయి చేతికిచ్చాడు. "రిజిస్టరులో ఆ గీతమీదే అంటించమ్మా. పక్కన కాదు."

డిష్‌లో మత్తుమందు చుక్కలు వేశాడు. పిల్లలు ఒక్కొక్కటే నెమ్మదించాయి. మొదటిదాన్ని గొట్టంతో లాగి, కత్తి కిందికి తెచ్చాడు. ప్లేటులో మొదటి వరస మొదటి గుంట వదిలి రెండో గుంట పక్కన గొట్టం ఆనించాడు.

"ఆ మొదటి గుంట..." అన్నాడు పెద్దసారు వెనకనుంచి.

"బాట," అన్నాడు చేపలాయన తల ఎత్తకుండా. ఊపిరి మెల్లిగా వదులుతూ, సగంలో కోశాడు.